అమ్మ కొట్టనివ్వని పేరు

తెలుగు కాలనీ, ఢాకా,
అక్టోబరు 12, 2025.

అన్నయ్యకి,

నీ చెల్లి స్వర్ణకుమారి వందనాలు. మొన్న ఫోన్ చేస్తే "ఆఁ ఆఁ, బాగున్నాను" అని మూడుసార్లు అన్నావు. నేనడిగింది నీ ఆరోగ్యం కాదు మహానుభావా, నా వెల్లూరు కాయితాలు నీ దగ్గరున్నాయా అని. రైల్వే చక్రాల షాపులో ముప్పై ఆరేళ్ళు సుత్తి దెబ్బలు విని నీ చెవులు పోయాయి. నాకేమో అరిచే ఊపిరి లేదు. అందుకే చక్కగా కాయితం మీద రాస్తున్నాను. ఏంజెలా ఫోటో తీసి మీ టోని ఫోనుకి పంపుతుంది. నా కూతురికీ నీ కొడుక్కీ తెలుగు నోటికే గానీ కంటికి రాదు కదా, కాబట్టి మనిద్దరం ఏం రాసుకున్నా భయం లేదు. రైల్వే తెలుగు బడిలో మనకి అక్షరాలు దిద్దించిన మేష్టారు ఏ లోకంలో ఉన్నా చల్లగా ఉండాలి.

అసలు సంగతి. గుండెలో కవాటం మళ్ళీ మూసుకుపోతోందట. పదేళ్ళ కిందట వెల్లూరులో బెలూన్ పెట్టి తెరిచారే, అదే. ఈసారి బెలూన్ పనికిరాదు, కోసి కొత్తది వెయ్యాలంటున్నారు. ఆ రోజుల్లో వీసా వారం రోజుల పని. నిరుడు ఆగస్టులో ఇక్కడ ప్రభుత్వం పడిపోయాక మీవాళ్ళు తలుపు దగ్గరగా వేశారు. జబ్బు మనుషులకి మాత్రం కొద్దిగా తెరుస్తున్నారట. చూశావా, "మీవాళ్ళు" అన్నాను. పుట్టింది మీ రైల్వే ఆసుపత్రిలోనే అయినా, ముప్పై అయిదేళ్ళ కాపురం నోటిని మార్చేసింది.

ఇక్కడి సంగతులు ఏం చెప్పను! ఏంజెలా కుట్టే ఫ్యాక్టరీకి నూలు మీవైపు నుంచి లారీల్లో వచ్చేది. రోడ్డు దారిన నూలు వద్దని మావాళ్ళన్నారు, రోడ్డు దారిన బట్టలు వద్దని మీవాళ్ళన్నారు. ఇప్పుడా నూలు చైనా నుంచి ఓడలో వస్తోంది. నేను ఊడ్చే పెద్ద రోడ్డుకి చైనా నుంచి ఊడ్చే బండి వచ్చింది. ఇంత బ్రష్షేసుకుని గిర్రున తిరుగుతూ పోతుంది. మమ్మల్ని సందుల్లోకి తోసేశారు. నా మొగుడు పోయాక ఆయన చీపురు నాకొచ్చింది, నా తర్వాత ఎవరికీ రాదనుకుంటా.

వీసా కాయితంలో ఇండియాలో తెలిసినవాళ్ళ పేరు, అడ్రసు అడుగుతున్నారు. నీది రాస్తాను. పూర్తి అడ్రసు పంపు. ఆపరేషన్ అయ్యాక పది రోజులు నీ దగ్గరుంటాను, కాదనకు.

నీ చెల్లి,
స్వర్ణ


ఓల్డ్ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్,
నవంబరు 2, 2025.

ఒసే స్వర్ణా,

కాదనకు అని రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది? ఎవరింటికి ఎవరు కాదనేది? పది రోజులేంటి, నెల ఉండు. మంచం వేయిస్తాను. నీకిష్టమైన ఎండుచేపల పులుసు డాక్టరు తినొద్దంటే నీ ఎదురుగా కూచుని నేను తింటాను.

అడ్రసు ఇదిగో: పాలూరి సిరిల్, తండ్రి దానియేలు, క్వార్టరు నంబరు 214/3, ఓల్డ్ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్. నంబరు మారలేదు. ఈ క్వార్టరు నాన్న పేరు నుంచి నా పేరుకి, నా పేరు నుంచి టోని పేరుకి వచ్చింది. టోని ఇప్పుడు వ్యాగన్ల రిపేరులో ఉన్నాడు. అటువైపు ఉల్లిపాయలు మోసుకెళ్ళే వ్యాగన్లు ఎండలో ఊరికే పడున్నాయని చెప్తాడు.

నీ వెల్లూరు ఫైలు అమ్మ పెట్టెలో ఉంది. దాని కోసం పెట్టె తీస్తే పాత రేషను కార్డు దొరికింది. నీకు గుర్తుందో లేదో, నీ పెళ్ళయి నువ్వు సరిహద్దు దాటిన ఏడాది రేషనాఫీసు గుమస్తా నీ పేరు మీద గీత పెట్టబోయాడు. అమ్మ వాడి కలం పట్టేసుకుంది. "నా పిల్ల అత్తోరింటికెల్లింది గానీ మట్టిలోకి ఎల్లలేదు బాబూ! బతికున్నోల పేరు కొట్టీకూడదు, కొడితే ఆయుస్సు తగ్గిపోద్ది" అంది. క్యూలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. వాడు గీత పెట్టలేదు. ఆ తర్వాత ఓటర్ల లిస్టు వాళ్ళు ఎప్పుడొచ్చినా అమ్మ నీ పేరు చెప్పేది. అమ్మ పోయాక నేనూ చెప్తున్నాను, కొట్టించడానికి చెయ్యి రాక. నువ్వక్కడ రోడ్డు ఊడుస్తుంటే ఇక్కడ ప్రతి ఎలక్షనుకీ నీ ఓటు ఎవడో పుణ్యాత్ముడు వేసేస్తూనే ఉన్నాడు. మన ఇంట్లో అందరికన్నా బాధ్యత గల పౌరురాలివి నువ్వే!

నవంబరు కదా, మా పెన్షనర్లందరం బతికున్నామని రుజువివ్వాలి. బ్యాంకులో మిషను మీద వేలు పెట్టాలి. పోయినేడు నా వేలు అది పట్టుకోలేదు, చక్రాలు పట్టీ పట్టీ గీతలు అరిగిపోయాయి. "దాదూ, మీరు లేరని చూపిస్తోంది" అంది బ్యాంకు పిల్ల. నిమ్మచెక్కతో రుద్దుకుని మళ్ళీ పెడితే అప్పుడు బతికాను.

ధైర్యంగా ఉండు. నేనున్నాను.

మీ అన్నయ్య,
సిరిల్


తెలుగు కాలనీ, ఢాకా,
నవంబరు 21, 2025.

అన్నయ్యా,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో! ఏంజెలా "మామయ్య ఏటి రాసినాడే, అంత నవ్వుతున్నావు?" అని అడిగితే చదివి వినిపించాను. నా ఓటు సంగతి చెప్తే అది పడీ పడీ నవ్వింది. నాకు నవ్వొచ్చి, తర్వాత ఆయాసం వచ్చింది.

ఆ కార్డులో నా పేరుందన్న మాట నాకు ఎంత బలమో నీకు తెలియదు. మీ ఇంట్లో నాకో చాప ఇంకా పరిచే ఉంచినట్టు అనిపించింది. ఇక్కడ కాలనీ వాళ్ళని రెండుసార్లు ఖాళీ చెయ్యమన్నారు. "మీరు ఈ దేశం వాళ్ళు కారు కదా" అని దుకాణంవాడు కూడా అంటాడు. వందేళ్ళ కిందట దొరలు చీపుళ్ళిచ్చి తెచ్చిన మనుషులం, ఎక్కడివాళ్ళమో మాకే తెలీదు. నాకు మాత్రం 214/3 అని ఒక నంబరుంది.

ఇంకో విషయం విను, నవ్వుతావు. మా కాలనీకి ఒక ఏజెంటు వచ్చాడు. చైనాలో కున్మింగ్ అని ఊరుందట, విమానంలో రెండు గంటల పైచిలుకు. అక్కడి ఆసుపత్రుల్లో మా దేశం రోగుల కోసం మంచాలు పెట్టారట. బెంగాలీ మాట్లాడే మనిషిని కూడా ఇస్తారట. "మాసీ, ఇండియా వాళ్ళ గుమ్మం ముందు ఎందుకు పడిగాపులు? వాళ్ళు పదిసార్లు అడిగినా రానివ్వరు, వీళ్ళు ఒక్కసారి అడిగితే రమ్మంటారు" అన్నాడు. తలుపు వేసినవాడు ఒకడు, తీసినవాడు ఒకడు. తీసినవాడు నా మీద ప్రేమతో తీశాడని నేననుకోను. పక్కవాడు వేశాడని చూసుకుని తీశాడు. అయినా అన్నయ్యా, గుండె కోయించుకునే చోట నా భాష ఒక్క ముక్క వినపడకపోతే ఎలా? వెల్లూరు ఆసుపత్రిలో ఊడ్చే ఆయమ్మ కూడా "ఏం కాదులేమ్మా" అనేది.

నేను ఒద్దన్నాను. వీసా ఫైలు మొన్న ఇచ్చేశాను, నీ అడ్రసుతో. జనవరిలో పిలుస్తారట.

నీ చెల్లి,
స్వర్ణ


ఓల్డ్ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్,
డిసెంబరు 10, 2025.

చెల్లికి,

నీ ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమైంది, జలుబు చేసింది. ఇక్కడ అందరం క్షేమం.

ఓటర్ల లిస్టు తిరగరాస్తున్నారు. ఇంటింటికీ కాయితాలు పంచారు. ఊరంతా అదే గోల. ఇందా పేట బజార్లో టీ కొట్టు దగ్గర ఎవడి నోట విన్నా పాత లిస్టులో తాత పేరుందా, తండ్రి పేరుందా అనే. హిజ్లీలో తెల్లవాళ్ళ కాలంలో జైలు క్యాంపు ఉండేది కదా, అలాంటివి మళ్ళీ కడతారని పుకార్లు. పుకార్లే అనుకో.

నేను ఆలోచించాను. ఆ చైనా ఏజెంటు చెప్పింది మరీ తీసిపారేసేది కాదేమో. రెండు గంటల విమానమే కదా. వెల్లూరు అంటే రెండు రోజుల రైలు, నీ ఒంటికి ఆ కుదుపు మంచిది కాదు. భాషదేముంది, జబ్బుకి భాష లేదు.

వీసా కాయితంలో నా అడ్రసు బదులు వేరెవరిదైనా ఇవ్వడానికి ఇంకా వీలుందా? మార్చడానికి వీలుంటే మార్చు. ఎందుకని అడక్కు, ఇక్కడి పరిస్థితి బాగాలేదు.

ఉంటాను.

సిరిల్


తెలుగు కాలనీ, ఢాకా,
డిసెంబరు 19, 2025.

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి ఇది నువ్వే రాశావా అని చేతిరాత చూసుకున్నాను. నువ్వే.

నెలన్నర కిందట మంచం వేయిస్తానన్నావు. ఇప్పుడు అడ్రసు మార్చమంటున్నావు. ఫైలు ఇచ్చేశానని రాశాను కదా. ఇచ్చిన ఫైలులో గీత మారిస్తే మొత్తం చెత్తబుట్టలో వేస్తారు. నాకు ఇండియాలో ఇంకెవరున్నారు? ఎవరి పేరు రాయను? వెల్లూరు స్టేషను బయట కాఫీ అమ్మేవాడి పేరా?

ఏం జరిగింది? టోని ఏమన్నా అన్నాడా? టోనికి నేనంటే పడదని కాదు, వాడు నన్ను చూసిందే రెండుసార్లు. పోనీ కోపమొస్తే కోపమని చెప్పు. జలుబు అని రాయకు. నీకు అబద్ధం చెప్పేటప్పుడు జలుబు చేస్తుందని అమ్మ ఎప్పుడో కనిపెట్టింది.

నేను కూడా ఒక నిజం దాచాను, రాసేస్తాను. నేను సందుల్లోకి కూడా వెళ్ళడం లేదు. నవంబరు నుంచి చీపురు ముట్టలేదు. పడుకుంటే ఊపిరందదు, గోడకి ఆనుకుని కూచునే కునుకు తీస్తున్నాను. కాళ్ళు వాచి చెప్పులు పట్టడం లేదు. మార్చి దాటకూడదని డాక్టరు ఏంజెలాకి చెప్పాడు. అది నాకు చెప్పలేదు, వంటగదిలో ఏడుస్తుంటే పట్టుకున్నాను.

ఇక్కడ ఎలక్షన్లొస్తున్నాయి. మైకుల్లో ఒకడు ఇండియాని తిడతాడు, ఒకడు తిట్టకుండా తప్పుకుంటాడు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. మా దేశం బతుకు అలా ఉంది. వాళ్ళెవరితో స్నేహం చేసినా, ఎవరితో చెడినా నాకేం పట్టింది! నాకు ఒక వీసా కావాలి, ఒక అన్నయ్య కావాలి.

స్వర్ణ


ఓల్డ్ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్,
జనవరి 18, 2026.

చెల్లికి,

నీ కోసం రోజూ ప్రార్థన చేస్తున్నాను.

మొన్న నీ వీసా సంగతిగా ఎవరో ఒకాయన విచారణకి వచ్చాడు. టోని మాట్లాడాడు. నాకు సరిగా వినపడలేదు. అంతా మంచే జరుగుతుంది.

ఉప్పు తగ్గించు. కాళ్ళ కింద దిండు పెట్టుకో.

సిరిల్


తెలుగు కాలనీ, ఢాకా,
ఫిబ్రవరి 3, 2026.

అన్నయ్యా,

నేను చచ్చిపోయానట.

నిన్న వీసా ఆఫీసుకి పిలిచారు. ఏంజెలా భుజం పట్టుకుని మెట్లెక్కాను. కిటికీ అవతల ఉన్న ఆయన నా పాస్‌పోర్టు చూసి, నన్ను చూసి, స్క్రీను చూశాడు. "ఈ పేరు, ఈ తండ్రి పేరు, ఈ పుట్టిన ఊరు ఉన్న స్త్రీ చనిపోయిందని ఆమె ఇంటివాళ్ళే రాసిచ్చారు. ఇంటికి మనిషిని పంపి అడిగితే అప్పుడూ అదే చెప్పారు. మీరెవరు?" అన్నాడు. చనిపోయిన మనిషి పేరు పెట్టుకుని దొంగగా లోపలికి రావాలనుకుంటున్నానట నేను. ఏంజెలా గట్టిగా అరిచింది. "మా అమ్మే! నా కన్నతల్లి! సూడండి, ఊపిరి తీస్తంది!" అంది. వెనకాల క్యూలో వాళ్ళు విసుక్కున్నారు. ఫైలు వెనక్కి తోసేశాడు.

అక్కడెక్కడో పొరపాటు జరిగింది. స్క్రీను తిప్పి ఏదో కాయితం చూపించాడు గానీ కళ్ళజోడు లేక నాకు సరిగా కనపడలేదు. మన సెటిల్‌మెంటులో ఇంకో స్వర్ణకుమారి ఎవరైనా పోయిందేమో. గుమస్తాలు ఒకరి గీత ఒకరి మీద పెట్టడం కొత్తా?

అన్నయ్యా, నీ కాళ్ళు పట్టుకుంటాను. ఒక్కసారి అక్కడ ఆ కాయితం పుట్టిన ఆఫీసుకి వెళ్ళు. "నా చెల్లి బతికే ఉంది, నేనే దాని అన్నని" అని ఒక్క కాయితం రాసి సంతకం పెట్టు. మళ్ళీ ఫైలు తీసుకుంటామన్నారు. నువ్వు చెప్తే ఎవరు కాదంటారు? వెంటనే వెళ్ళు. రేపు కాదు, ఈ ఉత్తరం చదివిన కాళ్ళతోనే వెళ్ళు.

నీ చెల్లి,
స్వర్ణ


ఓల్డ్ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్,
ఫిబ్రవరి 9, 2026.

స్వర్ణా,

ఇది చదివాక నన్ను అన్నయ్యా అనకు.

ఇంకో స్వర్ణకుమారి ఎవరూ పోలేదు. నిన్ను చంపింది నేనే.

నవంబరు పందొమ్మిదిన పొద్దున బ్యాంకుకి వెళ్ళి మిషను మీద వేలు పెట్టి నేను బతికున్నానని రుజువిచ్చాను. ఈసారి నిమ్మచెక్క అక్కర్లేకుండానే తీసుకుంది. సంతోషంగా గోల్‌బజారులో జిలేబీ కొనుక్కుని ఇంటికొచ్చేసరికి ఓటర్ల లిస్టు దీదీ గుమ్మంలో కూచుని ఉంది. ఆమె చేతిలో నా కాయితం, టోనిది, కోడలిది, నీది. "ఈ స్వర్ణకుమారి ఎక్కడ?" అని అడిగింది.

పక్క క్వార్టరు హరిబాబు ముందు రోజే హెచ్చరించాడు. "సిరిల్ బాబూ, లిస్టులో ఉన్న మనిషి బంగ్లాదేశ్‌లో ఉందని తేలితే మీ ఇంటి మొత్తాన్ని నిలబెడతారు. ముప్పై అయిదేళ్ళు ఎందుకు దాసినారంటారు, ఏటి సెప్తావు?" అన్నాడు. నేను చేసిన తప్పు అదే కదా, అమ్మ ముచ్చటకి నీ పేరు ఉంచెయ్యడం. టోని నన్ను లోపలికి లాక్కెళ్ళాడు. చెవిలో అరిచాడు. "నాన్నా, సచ్చిపోయిందని రాసీ! నా ఉద్యోగం పోతాది, క్వార్టరు పోతాది. అత్త ఆడుంది, మనం ఈడున్నాం. కాయితమ్మీద సచ్చిపోతే మనిసికి ఏటవుద్ది?" అన్నాడు. నాకూ అదే అనిపించింది, స్వర్ణా. కాయితం మీదే కదా అనుకున్నాను. జిలేబీ పొట్లం చేతిలోనే ఉంది. బయటికొచ్చి సంతకం పెట్టాను. దీదీ "అయ్యో" అని జాలిగా చూసింది. ఆ జాలి తీసుకున్నాను చూడు, అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అప్పటికే నువ్వు అడ్రసు ఇచ్చేసి ఉంటావని, ఆ రెండు కాయితాలు ఎక్కడో కలుసుకుంటాయని నాకు తట్టలేదు. తట్టాక డిసెంబరులో నీకా వెధవ ఉత్తరం రాశాను.

జనవరిలో విచారణకొచ్చిన ఆయన ఇంట్లో కుర్చీ వేసుకుని నన్నే అడిగాడు. వినపడలేదని రాశాను నీకు. చెవులు పనిచెయ్యవు గానీ ముప్పై ఆరేళ్ళు షాపు మోతలో మనుషుల పెదాలు చూసే మాట్లాడినవాణ్ణి నేను. "మీ చెల్లెలు బతికుందా?" అని అడిగాడు. ప్రతి అక్షరం చూశాను. చూసి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "ఆఁ?" అన్నాను. ముసలాయన చెవిటివాడనుకున్నాడు. టోని జవాబు చెప్పేశాడు. నేను గోడకేసి చూస్తూ కూచున్నాను. మొదటిసారి భయపడి చేశాను. రెండోసారి తెలిసి చేశాను.

ఇప్పుడు చెప్పు, ఏం చెయ్యమంటావు? వెళ్ళి నిజం చెప్తే అబద్ధపు సంతకానికి నన్ను పట్టుకుంటారు, పట్టుకోనీ. టోనికి ఇద్దరు పిల్లలు. వారం నుంచి చెప్పులేసుకోవడం, గేటు దాకా వెళ్ళడం, తిరిగి రావడం. గేటు దాటలేకపోతున్నాను. నేనంత పిరికివాణ్ణని ఈ వయసులో తెలుసుకున్నాను.

ఈ ఉత్తరాన్ని ఫోటో తీయబోయేది టోనియే. "ఏటి నాన్నా ఇంత రాసినావు?" అంటున్నాడు. బైబిలు వాక్యాలు అని చెప్పాను.

సిరిల్


తెలుగు కాలనీ, ఢాకా,
ఫిబ్రవరి 24, 2026.

సిరిల్ గారికి,

మీరు అన్నయ్యా అనవద్దన్నారు కాబట్టి ఇలా మొదలుపెట్టాను. రాయడానికి చెయ్యి తిరగడం లేదు, అయినా రాస్తాను.

ఆ రోజు వీసా ఆఫీసులో నా కళ్ళజోడు కళ్ళకే ఉంది. స్క్రీను మీద కాయితం నాకు బాగా కనపడింది. బెంగాలీ కాయితం మీద తెలుగు సంతకం. చివర "ల్" కింద చక్రంలా ఒక సున్నా చుట్టి ఉంది. ఆ సున్నా చుట్టడం నువ్వు ఎనిమిదో తరగతిలో మొదలుపెట్టావు, నేను పక్కనే ఉన్నాను. "ఇది మీ అన్నగారి సంతకమేనా?" అని అడిగాడు. అవునంటే నువ్వు దొంగవి. కాదంటే నేను దొంగని. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ కనపడటం లేదన్నాను. నీకు చెవుడు, నాకు గుడ్డితనం. ఒక్క తల్లి పిల్లలం.

మరి తెలిసీ ఎందుకలా బతిమాలానంటావా? నీకు ఒక దారి వదిలాను. పొరపాటు జరిగిందని నువ్వే వెళ్ళి దిద్దేస్తావని, నీ నోటితో నువ్వు ఒప్పుకోవలసిన పని లేకుండా పోతుందని. రోజూ ఏంజెలాని ఫోను చూడమన్నాను. నువ్వు దిద్దలేదు, ఒప్పుకున్నావు. ఒప్పుకున్నది చదువుకుని నేనేం చేసుకోను? పుండుకి రాస్తే మానుతుందా?

నీ మీద నాకు కోపం లేదని రాయబోయాను. అబద్ధం. చాలా కోపంగా ఉంది. ఆబోతుల కొట్లాటలో లేగదూడల కాళ్ళు విరుగుతాయంటారు. అది లోకంలో ఉన్నదే. కానీ లేగదూడ కాలు ఇంకో లేగదూడే విరిచిందేం?

రేపు కున్మింగ్ వెళ్తున్నాం. చైనా వీసా నాలుగు రోజుల్లో వచ్చింది. ఎవరూ ఏమీ అడగలేదు. పాస్‌పోర్టు చూసి, ఊపిరి చూసి ముద్ర కొట్టేశారు. నేను పుట్టిన ఊరు నన్ను చచ్చిపోయావంది. పేరు కూడా పలకడం రాని ఊరు రమ్మంది. ఎవరికి మొక్కాలో నాకు తెలియడం లేదు. ఆపరేషన్ మార్చి నాలుగున. నూటికి అరవై పాళ్ళు ఫరవాలేదన్నారు, జనవరిలో వచ్చి ఉంటే ఎనభై అన్నారు.

ఆసుపత్రి కాయితంలో ఒక గడి ఉంది. రక్తసంబంధీకులు ఎవరెవరున్నారు, వాళ్ళకేం జబ్బులు అని. ఏజెంటు ఆఫీసులో బెంగాలీ పిల్ల చదివి చెప్తూ "అన్నదమ్ములున్నారా మాసీ?" అని అడిగింది. అన్నయ్యా, ఆ క్షణంలో నా నాలుక చివరికి ఒక మాట వచ్చింది. ఒక్క మాటతో లెక్క సరిపోయేది. ఎవరొచ్చి అడుగుతారు కున్మింగ్ నుంచి? కానీ అమ్మ కలం పట్టేసుకుంది.

"ఒక అన్నయ్య ఉన్నాడు, చెవుడు" అని రాయించాను.

ఇంక రాయను. ఓపిక లేదు.

స్వర్ణకుమారి


ఓల్డ్ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్,
మార్చి 10, 2026.

స్వర్ణా, అమ్మా,

గేటు దాటాను.

నీ ఉత్తరం చదివిన మర్నాడే వెళ్ళాను. ఓటర్ల ఆఫీసులో పెద్దాయన బల్ల ముందు నిలబడి, "నేను రాసింది అబద్ధం, నా చెల్లి బతికే ఉంది, సంతకం నాదే, శిక్ష నాకే వెయ్యండి" అని రాసిచ్చాను. ఆయన రెండుసార్లు చదివాడు. నేను పెదాలు చూస్తున్నాను. "ఇన్నాళ్ళూ చనిపోయిందన్నారు, ఇప్పుడు బతికుందంటున్నారు. మీ మాట ఎలా నమ్మాలి? బతికున్నట్టు రుజువు తెండి" అన్నాడు. నాలాగ నువ్వు వేలు పెట్టడానికి అక్కడ మిషను లేదు కదా. ఆమె చేత్తో రాసిన కాయితం, తేదీతో, చాలునా అని అడిగాను. తెచ్చి చూపించండి, చూస్తాం అన్నాడు. మార్చి పందొమ్మిదిన రమ్మన్నాడు. ఆ మర్నాడే ఠాణా నుంచి నాకు పిలుపొచ్చింది.

టోని నాతో మాట్లాడటం లేదు. వాడికీ నోటీసొచ్చింది. "నీ సెల్లి కోసం నా పిల్లల్ని రోడ్డు మీద ఎట్టినావు" అన్నాడు. వాడన్నది నిజం. నేను చేసినది నిజం. రెండు నిజాల మధ్యా కూచుని ఉన్నాను. ఫోను ముట్టుకోనివ్వడం లేదు, అందుకని ఈ ఉత్తరం హరిబాబు ఫోను నుంచి పంపిస్తున్నాను. నన్ను భయపెట్టినవాడే ఇప్పుడు సిగ్గుపడి సాయం చేస్తున్నాడు.

ఆపరేషన్ అయి ఆరు రోజులైంది. ఏంజెలాకి తొమ్మిదిసార్లు ఫోను చేయించాను. మోగడం లేదు. అక్కడ మన యాప్‌లు పనిచెయ్యవని ఎవరో అన్నారు. పనిచెయ్యకే కదూ? అంతే కదూ? ఇంకేం కాదు కదా?

పొద్దున రేషను కార్డు తీసి చూశాను. నీ పేరు మీద గీత లేదు. అమ్మ కాపాడింది అలాగే ఉంది.

నీకు రాయాలని లేదని తెలుసు. ఆఫీసు కోసం అడగడం లేదు. ఆఫీసు గంగలో పోనీ, వీసా పోనీ, నన్ను జైల్లో పెట్టనీ. ఏంజెలాని కాయితం పట్టుకోమనైనా నీ చేత్తో ఏదో ఒకటి రాయి. తిట్టు. శాపం పెట్టు. ఏమీ రాయాలని లేకపోతే ఖాళీ కాయితమే పంపు. పైన తారీకు మాత్రం వెయ్యి, తల్లీ.

సిరిల్


కున్మింగ్,
మార్చి 14, 2026.

బతికే ఉన్నాను.

ఇట్లు,
పాలూరి స్వర్ణకుమారి,
తండ్రి దానియేలు,
క్వార్టరు నంబరు 214/3,
ఓల్డ్ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్.